దున్నపోతా, మామూలు స్ట్రానా, ఆడదూడల స్ట్రానా? అండవాహిక చెప్పే లెక్క

రెండేళ్ల కింద కార్తీకంలో ఒకే తెల్లవారుజామున రెండు బర్రెలు ఎదకు వచ్చాయి. ఒకటి మాది, ముర్రా సంకరం, మూడో ఈతది. రెండోది పక్కింటి పెద్దమ్మది, నాటు బర్రె. పాలు పిండే వేళకు మాది చేపు ఇవ్వకుండా అరుస్తూ నిలబడింది. తోక కింద గాజులాంటి జిగురు తీగ వేలాడుతోంది. నేను వెంటనే ఫోను అందుకున్నాను. ఊళ్లు తిరిగి పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర అదే దారిలో ఉన్నాడట, పావుగంటలో వచ్చి మంచి దున్నపోతు స్ట్రా, అంటే గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టం, వేసి వెళ్లాడు. పెద్దమ్మ ఫోను జోలికి పోకుండా తన బర్రెను ఊరి దున్నపోతు దగ్గరికి తోలుకుపోయింది. ఇరవై ఒకటో రోజున మాది మళ్లీ అరిచింది. ఆమెది అరవలేదు. "నీ చదువు నీ బర్రెకు తెలియదు కదా బిడ్డా" అని పెద్దమ్మ నవ్వింది.

ఒక్క సంగతి పట్టుకుని దున్నపోతే గొప్పదని తీర్మానించలేం. కానీ ఆ రోజు నేను చేసిన పొరపాటు తర్వాత అర్థమైంది. స్ట్రా మంచిదే, వేసిన చేయీ మంచిదే. తొందరపడింది నేను. ఎద మొదలైన గంటలోనే వేయించిన ఘనీభవించిన వీర్యానికి, అండం విడుదలయ్యే వేళ వరకు ఓపిక లేకపోయింది. దున్నపోతు తాజా వీర్యం మాత్రం అండవాహిక గోడను పట్టుకుని ఒక రోజు పైగా కాచుకుని కూర్చోగలదు.

నల్గొండ, సూర్యాపేట, పాలమూరు వైపు పాడి పశువులు పెట్టుకున్న వాళ్లు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటే: ఏది వేయించాలి? చాలామంది ధర చూసి, పుట్టబోయే దూడను చూసి తేల్చుకుంటారు. నా లెక్క వేరు. మీరు ఎదను ఎంత కచ్చితంగా పట్టుకోగలరో దాన్ని బట్టి ఎంచుకోవాలి. ఎందుకో చెప్పడానికి మనం చూడలేని ఒక సన్నని గొట్టం లోపలికి పోవాలి. అంతకంటే ముందు మీ కొట్టం సంగతి.

## ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే పెద్దది ఇది: ఎద మొదలైన వేళ మీకు తెలుసా, మీరు చూసిన వేళ మాత్రమే తెలుసా? ఈ రెండింటి మధ్య పది పన్నెండు గంటల తేడా ఉండవచ్చు. ఆవు కొంత నయం. తోటి ఆవుల మీద ఎక్కుతుంది, తన మీద ఎక్కనిస్తుంది, అల్లంత దూరం నుంచే తెలిసిపోతుంది. బర్రె గుట్టుది. ఒకదాని మీద ఒకటి ఎక్కడం తక్కువ. ఎద లక్షణాలు రాత్రి చల్లబడ్డాక, తెల్లవారకముందు ఎక్కువగా కనిపిస్తాయి. ఎండాకాలం వచ్చిందంటే మూగ ఎదే: అరవదు, తీగ సరిగా వేయదు, వచ్చిందో పోయిందో తెలియదు. రాత్రి 9 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున 4 గంటలకు ఒకసారి టార్చి పట్టుకుని కొట్టంలోకి వెళ్లి చూసే మనిషి ఇంట్లో ఉన్నాడా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్లే.

రెండోది పశువు చరిత్ర. పోయిన ఈతలో మావి పడకుండా చేయి పెట్టి తీశారా? తర్వాత తీగల్లో చీము కనిపించిందా? గర్భకోశపు వాపు పైకి పాకితే అండవాహికలు అతుక్కుపోతాయి, కొన్నిసార్లు నీరు నిండి ఉబ్బుతాయి. అలాంటి పశువు 21 రోజులకోసారి ఠంచనుగా ఎదకు వస్తుంది, తీగ కూడా తేటగా ఉంటుంది, చూడి మాత్రం కట్టదు. మామూలుగా చేయి పెట్టి చూసే పరీక్షకు ఈ లోపం చాలాసార్లు దొరకదు. మూడుసార్లు తిరగపొర్లిన, అంటే వేయించినా కట్టక మళ్లీ ఎదకు వచ్చిన, పశువు మీద ఖరీదైన స్ట్రా ప్రయోగించే ముందు దీన్ని గుర్తు పెట్టుకోండి.

మూడోది, మగదూడ పుడితే మీరేమి చేస్తారు? కోడెదూడకు సేద్యంలో ఇంకా కొంత విలువ ఉన్న ఊళ్లు మన వైపు మిగిలాయి. దున్నదూడ సంగతి అందరికీ తెలిసిందే, తల్లి పొదుగు దగ్గరే దానికి కరువు మొదలవుతుంది. నాలుగోది, స్ట్రా వేసే మనిషి మీకు ఎంత దూరంలో ఉన్నాడు, పిలిచిన వేళకు వస్తాడా, తనకు వీలైన వేళకు వస్తాడా? డబ్బు కూడా ఒక లెక్కే. కానీ చూడి కట్టక పోయిన ఒక్క 21 రోజుల మేత ఖర్చు, పాల నష్టం కలిపి చూడండి. స్ట్రాల మధ్య ధర తేడా చిన్నదైపోతుంది.

## అండవాహికలో ఆ కొన్ని గంటలు

అండాశయాన్ని, గర్భకోశపు కొమ్మును కలిపే గొట్టమే అండవాహిక. వంకరలు సరిచేసి పళ్లెంలో పరిస్తే దాదాపు జానెడు, ఇంకొంచెం ఎక్కువ: 20 నుంచి 30 సెంటీమీటర్లు. గర్భకోశం వైపు సగం సన్నగా, బిగుతుగా ఉంటుంది. అండాశయం వైపు సగం వెడల్పుగా ఉండి, చివర గరాటులా తెరుచుకుంటుంది. అండం, వీర్యకణం కలిసేది ఆ వెడల్పు భాగంలో. వీర్యకణాలు కాచుకుని ఉండేది సన్నని భాగంలో.

లోపలి గోడ మీద రెండు రకాల కణాలు ఉంటాయి. ఒక రకానికి సన్నని నూగు ఉంటుంది, అది ఎప్పుడూ అలలా ఊగుతుంటుంది. రెండో రకం ద్రవాన్ని స్రవిస్తుంది. ఎద వేళ ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పెరిగినప్పుడు ఆ ద్రవం ఊట ఎక్కువవుతుంది. అందులో బైకార్బొనేట్, లవణాలు, గ్లూకోజ్, లాక్టేట్, ఆల్బుమిన్, అండవాహిక మాత్రమే తయారు చేసే ఓవిడక్టిన్ అనే గ్లైకోప్రొటీన్, ఇంకా ఎన్నో ఉంటాయి. చుక్క చుక్కగా ఊరే ఈ ద్రవం, ఆ గోడ కలిసి వీర్యకణాల చేత మూడు పనులు చేయిస్తాయి.

మొదటిది కూర్చోబెట్టడం. గోడ మీది నూగులో ఫ్యూకోజ్ అనే చక్కెర ఉన్న అణువులు ఉంటాయి. ఎద్దు వీర్యకణం తల మీద, వీర్యద్రవం నుంచి వచ్చి అంటుకున్న ప్రొటీన్లు ఉంటాయి. అవి ఈ చక్కెరను గుర్తుపట్టి పట్టుకుంటాయి. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సుసాన్ సురేజ్ బృందం ఆవు అండవాహికలో ఈ పట్టు సంగతి బయటపెట్టింది. అలా గోడను పట్టుకున్న కణం నెమ్మదిస్తుంది. దాని లోపలికి కాల్షియం చొరబడటం తగ్గుతుంది, శక్తి వృథా కాదు, ఆయుష్షు పెరుగుతుంది. పైపొర దెబ్బతిన్న కణానికి ఈ పట్టు దొరకదు.

అంతకు ముందే, 1984లో, హంటర్, విల్మట్ అనే ఇద్దరు ఆవుల్లో దీన్ని మరో వైపు నుంచి చూశారు. జత కట్టిన ఆవుల్లో బతికున్న వీర్యకణాలు అండం విడుదలయ్యే వేళ దగ్గరపడే దాకా సన్నని భాగంలోనే ఆగి ఉంటాయని, ఆ తర్వాతే పైకి కదులుతాయని తేల్చారు. ఆ విల్మటే 1996లో డాలీ అనే గొర్రెపిల్లను పుట్టించిన జట్టుకు నాయకుడు. ఆ పేరు ప్రపంచానికంతా తెలుసు. పాడి రైతుకు పనికొచ్చే ముందటి పని మాత్రం ఎవరికీ గుర్తు లేదు!

రెండో పని తయారు చేయడం. మగ పశువు నుంచి అప్పుడే వచ్చిన వీర్యకణం ఎంత జోరుగా ఈదినా అండంలోకి దూరలేదు. ఆడ పశువు శరీరంలో కొన్ని గంటలు గడపాలి. 1951లో చాంగ్, ఆస్టిన్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారే ఈ సంగతి కనిపెట్టారు. ఆల్బుమిన్ వంటివి కణం పైపొరలోని కొలెస్ట్రాల్‌ను లాగేస్తాయి, పొర వదులవుతుంది. బైకార్బొనేట్ లోపలికి వెళ్లి కణాన్ని మేల్కొలుపుతుంది. ఎద్దు వీర్యానికి హెపారిన్ వంటి చక్కెర గొలుసులు కూడా ఇందులో తోడవుతాయి. ఈ తయారీ పూర్తయిన కణం ఎక్కువసేపు బతకదు. వెలిగించిన దీపం లాంటిది, నూనె ఉన్నంత సేపే.

మూడోది వదలడం. అండం విడుదలయ్యే వేళకు తయారైన కణాల తల మీది పాత ప్రొటీన్లు ఊడిపోతాయి, గోడ పట్టు సడలుతుంది. తోక కొట్టే తీరు మారిపోతుంది. అప్పటిదాకా సన్నగా, సమంగా ఆడుతూ తిన్నగా ఈదిన కణం ఇప్పుడు కొరడా ఝళిపించినట్లు తోకను ఒక పక్కకు పెద్దగా విసురుతుంది. సూక్ష్మదర్శిని కింద మామూలు నీటిలో చూస్తే పిచ్చిగా గిరగిర తిరుగుతున్నట్లే ఉంటుంది. కానీ అండవాహికలోని చిక్కటి జిగురులో ఆ విసురే దాన్ని ముందుకు తోస్తుంది, గోడ నుంచి విడిపిస్తుంది, అండం చుట్టూ ఉన్న గట్టి పొరను చీల్చుకుని పోయే బలాన్ని ఇస్తుంది. అన్నీ ఒకేసారి లేవవు, కొన్ని కొన్నిగా లేస్తాయి. అండం ఎప్పుడు దిగినా ఎదురుపడటానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉండాలి కదా.

ఇక గంటల లెక్క. ఆవులో ఎద మొదలైన 24 నుంచి 32 గంటల మధ్య అండం విడుదలవుతుంది. బర్రెలో ఎద ముగిసిన 10 నుంచి 14 గంటలకు, అటూ ఇటూ. విడుదలైన అండం మంచి స్థితిలో ఉండేది 6 నుంచి 12 గంటలు. తాజా వీర్యకణాలు ఆడ పశువులో 24 నుంచి 48 గంటలు పనికొస్తాయి. ఘనీభవించి కరిగినవి ఒక రోజులోపే. గడ్డకట్టించి కరిగించడంలో కణం పైపొర దెబ్బతింటుంది, కాల్షియం లోపలికి కారుతుంది. అండవాహిక గంటల తరబడి చేయవలసిన తయారీలో కొంత స్ట్రాలోనే జరిగిపోతుంది. అలాంటి కణానికి గోడ మీద పట్టూ తక్కువే, ఆయుష్షూ తక్కువే.

మా ఇంట్లో నేను చెప్పుకునే పోలిక ఇది. దున్నపోతు తాజా వీర్యం బియ్యం లాంటిది, నిలవ ఉంటుంది, వేళకు అండవాహికే వండుకుంటుంది. మామూలు స్ట్రా సగం ఉడికిన అన్నం. ఆడదూడల స్ట్రా పొయ్యి దించిన అన్నం, అప్పటికప్పుడు వడ్డించాలి.

## ఊరి దున్నపోతు, ఆంబోతు

ఒక్క దాటుకు వందల కోట్ల వీర్యకణాలు. పడేది గర్భకోశపు ముఖద్వారానికి ఇవతల, కాబట్టి అందులో అధిక భాగం దారిలోనే రాలిపోతుంది. అయినా అండవాహిక నిండటానికి లోటు ఉండదు. ఇంకో సుగుణం, వేళ చూసే పని మనకు లేదు. బర్రె ఒప్పుకోనిదే దున్నపోతు ఎక్కలేదు. ఒప్పుకుందంటే ఎద నడుస్తున్నట్లే. మూగ ఎద కూడా దాని ముక్కుకు దొరుకుతుంది.

నష్టాలు దూడలో బయటపడతాయి. ఊరి దున్నపోతు తల్లి ఎన్ని పాలిచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆరేడేళ్లు ఒకే దున్నపోతు ఉంటే తన కూతుళ్లనే దాటుతుంది. ఆవుల్లో ఆంబోతు ద్వారా విబ్రియోసిస్, ట్రైకోమోనియాసిస్ వంటి జబ్బులు ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి పోతాయి. పైకి ఆంబోతు దిట్టంగానే కనిపిస్తుంది. ఈ జబ్బు తగిలిన ఆవులు తిరగపొర్లుతాయి, లేదా కట్టిన చూలు తొలి నెలల్లోనే పోతుంది. ఊరంతటికీ ఒకే ఆంబోతు ఉండి, నాలుగైదు ఇళ్లలో ఒకేసారి ఆవులు తిరగపొర్లుతుంటే నేనైతే ముందు ఆంబోతునే అనుమానిస్తాను.

## మామూలు స్ట్రా

పావు మిల్లీలీటరు సన్నని గొట్టం, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిలవ. ఒక్కో దానిలో దాదాపు 2 కోట్ల కణాలు, కరిగించాక వాటిలో సగమైనా కదలాలి. వందల కోట్ల నుంచి 2 కోట్లకు దిగినా పని జరుగుతుంది, ఎందుకంటే గోపాలమిత్ర దాన్ని ముఖద్వారం దాటించి నేరుగా గర్భకోశంలో వదులుతాడు.

వేళ విషయంలో పాత సూత్రమే నేటికీ సరైనది. ఉదయం ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు ఉదయం. వీర్యకణాలు సన్నని భాగానికి చేరి నిండటానికే ఆరేడు గంటలు పడుతుంది. ఆ పైన తయారీ. ఇవన్నీ పూర్తయ్యే వేళకు అండం దిగాలి. తొందరపడితే కణాలు ముందే చస్తాయి, ఆలస్యమైతే అండం ముదిరిపోతుంది. బర్రెల్లో ఎద సాగి మర్నాటికి కూడా తీగ పోకపోతే 12 గంటల ఎడంతో రెండో స్ట్రా వేయించడం మంచి అలవాటు.

ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చూడండి. స్ట్రాను ద్రవ నత్రజని క్యాన్ నుంచి తీసేటప్పుడు గోపాలమిత్ర దాన్ని క్యాన్ మెడ దాటి పైకి ఎంతసేపు ఉంచాడు? 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచాడా? నీటి వేడి కొలిచే థర్మామీటరు ఉందా? బయటికి తీశాక స్ట్రాను పొడిగా తుడిచాడా? ఒక ఏడు మా కొట్టంలో ఒకతను స్ట్రాను అరచేతుల మధ్య రుద్ది కరిగించాడు. "ఏం కాదు, అందరూ ఇంతే" అన్నాడు. మూడు బర్రెలకు వేశాడు, మూడూ తిరగపొర్లాయి. అప్పటి నుంచి ప్లాస్కులో గోరువెచ్చని నీళ్లు, థర్మామీటరు నేనే సిద్ధంగా పెడుతున్నాను. నచ్చని వాళ్లకు నచ్చదు. పైపొర చిరిగిన కణానికి గోడ పట్టు దొరకదని తెలిశాక మొహమాటం ఎందుకు?

## ఆడదూడల స్ట్రా

ఆడదూడనిచ్చే వీర్యకణంలో డీఎన్ఏ మగదాని కంటే సుమారు 4 శాతం ఎక్కువ. ఆ కాస్త తేడాను పట్టుకోవడానికి రంగు వేసి, లేజర్ ముందు ఒక్కొక్క కణాన్నే పోనిచ్చి, యంత్రం వేరు చేస్తుంది. ఫలితం పదింట తొమ్మిది ఆడదూడలే. దున్నదూడ బాధ తప్పుతుంది, మంచి బర్రె నుంచి మంచి పడ్డ, అంటే ఇంకా ఈనని ఆడ బర్రె, దొరుకుతుంది. ఆశ పడకుండా ఉండటం కష్టం.

కానీ ఆ యంత్రం నుంచి బయటపడే కణం అండవాహికకు చేరేటప్పటికే అలసిపోయి ఉంటుంది. రంగు, లేజర్, ఒత్తిడి, ఆపైన గడ్డకట్టించడం. ఒక్కో స్ట్రాలో 20 నుంచి 40 లక్షల కణాలే. గోడ మీద కూర్చునేవి కొద్ది, కూర్చున్నవి నిలిచేది కొద్దిసేపు. చూడి కట్టే శాతం మామూలు స్ట్రా కంటే తక్కువగానే ఉంటుందని అనుకుని దిగాలి. వేళను కూడా వెనక్కి జరపాలి. మామూలుగా 12 గంటలకు వేయించే చోట, ఎద మొదలైన 16 నుంచి 24 గంటల మధ్య, అండం దిగే వేళకు దగ్గరగా వేయించాలి. ఎద మొదలైన వేళ తెలియకపోతే ఈ లెక్క ఎక్కడి నుంచి మొదలుపెడతారు? అందుకే ఎదను సరిగా పట్టలేని ఇంటికి ఇది తగదని మొహమాటం లేకుండా చెబుతాను.

తగిన పశువు ఏదంటే, ఒళ్లు చేసి, సరైన బరువుకు వచ్చిన పడ్డ లేదా పెయ్య. లేదా ఒకటి రెండు ఈతలు సాఫీగా ఈనిన, గర్భకోశం శుభ్రంగా ఉన్న పశువు. ఇప్పటికే రెండుసార్లు తిరగపొర్లిన దానికి వద్దు. ముదురు ఎండల్లో వద్దు.

## వేళ కట్టి వేసే సూదులు

ఎదను చూడలేకపోతే హార్మోన్ సూదులతో ఎదనే మన వేళకు తెప్పించడం ఈ పద్ధతి. 1995లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన క్రమం ఇప్పటికీ నడుస్తోంది. సోమవారం ఉదయం మొదటి సూది, మళ్లీ సోమవారం ఉదయం రెండోది, బుధవారం సాయంత్రం 4 గంటలకు మూడోది, గురువారం ఉదయం 8, 10 గంటల మధ్య స్ట్రా. ఎద కనిపించినా కనిపించకపోయినా వేయవలసిందే. వీర్యకణాలు సన్నని భాగంలో కూర్చున్న వేళకు అండం దిగేలా గడియారాన్ని సూదులే తిప్పుతాయి.

ఎండాకాలంలో అసలు ఎదకే రాని బర్రెకు సూదుల కంటే ముందు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఉన్న పరికరాన్ని యోనిలో వారం రోజులు ఉంచి తీసే పద్ధతి మెరుగు. ఏది చేయాలో డాక్టరు చేయి పెట్టి అండాశయం చూసి చెబుతారు. రెండు జాగ్రత్తలు మరవకండి. రెండో సూది చూడి పశువుకు పడితే చూలు పోతుంది, కాబట్టి ముందు చూడి పరీక్ష తప్పనిసరి. అదే మందు చర్మం గుండా లోపలికి పోతుంది, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సిరంజిని ముట్టకూడదు. నాలుగు మార్లు డాక్టరు రావాలి, ఖర్చుంది. పది పశువులను ఒకేసారి కట్టించే వాళ్లకు గిట్టుబాటు, ఒక్క బర్రెకు కొంచెం భారమే.

## పిండాన్నే పెట్టించడం

ఇది అండవాహికను పూర్తిగా పక్కకు తప్పించే దారి. ప్రయోగశాలలో అండాన్ని, వీర్యాన్ని కలిపి, ఏడో రోజు పిండాన్ని నేరుగా గర్భకోశపు కొమ్ములో పెడతారు. అక్కడ అండవాహిక ద్రవం ఉండదు కాబట్టి వీర్యకణాలను తయారు చేయడానికి పళ్లెంలో హెపారిన్ కలుపుతారు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 1990లో పుట్టిన ప్రథమ్ అనే బర్రె దూడ ఈ దారిలో ప్రపంచంలోనే మొదటిది. గొట్టం మూసుకుపోయి, గర్భకోశం బాగున్న పశువు కూడా ఇలా ఇంకొకదాని దూడను మోయగలదు. మన ఊళ్లలో రెండు మూడు బర్రెల రైతుకు ఇది ఇంకా చేతికందే పని కాదు.

## ఒక చూపులో

| | వీర్యకణాలు | అండవాహికలో ఓపిక | వేయించే వేళ | ఎదను పట్టే శ్రమ | ఎవరికి |
|---|---|---|---|---|---|
| దున్నపోతు, ఆంబోతు | వందల కోట్లు | 24–48 గంటలు | పశువు ఒప్పుకున్నప్పుడు | దాదాపు లేదు | మందలకు, మూగ ఎదకు |
| మామూలు స్ట్రా | సుమారు 2 కోట్లు | ఒక రోజులోపు | చూసిన 12 గంటలకు | ఉంది | ఎక్కువ మందికి |
| ఆడదూడల స్ట్రా | 20–40 లక్షలు | ఇంకా తక్కువ | మొదలైన 16–24 గంటలకు | చాలా ఎక్కువ | పడ్డలకు, చురుకైన కంటికి |
| వేళ కట్టిన సూదులు | స్ట్రాను బట్టి | స్ట్రాను బట్టి | ముందే నిర్ణయం | లేదు, డాక్టరు కావాలి | పెద్ద కొట్టాలకు |
| పిండం | లెక్కలోకి రాదు | అవసరం లేదు | ఎద తర్వాత ఏడో రోజు | ఉంది | సంస్థలకు, పెద్ద డెయిరీలకు |

## మీరు ఎవరు?

మూసీ కాలువ గడ్డి మీద పది పన్నెండు బర్రెలు పెట్టి, రెండు పూటలా కేంద్రానికి పాలు పోసే వాళ్లకు నా సలహా రెండు ముక్కలు. పడ్డలకు, శుభ్రంగా ఈనిన వాటికి చలికాలంలో ఆడదూడల స్ట్రా. మిగతా వాటికి మామూలు స్ట్రా. ఎద చూడటానికి ఒక మనిషిని బాధ్యుడిని చేయండి. అందరి పని ఎవరి పనీ కాదు.

దేవరకొండ, కల్వకుర్తి వైపు మెట్ట మీద ఒకటి రెండు పశువులతో, పగలంతా కూలికో చేనికో పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే వాళ్లకు ఆడదూడల స్ట్రా చెప్పను. మీరు సాయంత్రం చూసిన ఎద ఉదయం మొదలైందో, అప్పుడే మొదలైందో తెలియదు. రెండు మామూలు స్ట్రాలు 12 గంటల తేడాతో వేయించడం మీకు ఎక్కువ నమ్మకం. గోపాలమిత్ర రాని గూడెమైతే పక్క ఊరి నుంచి తెచ్చిన, వంశం తెలిసిన దున్నపోతును నలుగురు కలిసి పెట్టుకోవడం తప్పేమీ కాదు. మూడు నాలుగేళ్లకు మార్చండి, అంతే.

అమ్రాబాద్ మీద, నల్లమల అంచుల్లో పొడ తూర్పు అనే నాటు జాతి ఆవుల మందలను మేపే వాళ్లకు స్ట్రాల లెక్కే వేరు. అడవిలో మేసే మందలో ఎద చూసి, వేళకు మనిషిని పిలిపించడం జరిగే పని కాదు. ఆ జాతికి గుర్తింపు వచ్చింది దాని స్వచ్ఛత వల్ల. మందలో మంచి పొడల కోడెను ఎంచి నిలుపుకోవడమే వాళ్లకు సరైన ఎంపిక. ఇతర జాతి స్ట్రాను ఉచితంగా ఇచ్చినా వద్దనాలి.

పట్నం ఉద్యోగం మాని జడ్చర్ల దగ్గరో చిట్యాల దగ్గరో ఇరవై సంకర జాతి ఆవులతో షెడ్డు వేసిన యువకులు ఉన్నారు. కాగితం లెక్కలు బాగా వేస్తారు, తెల్లవారుజామున 4 గంటలకు లేవరు. మీకు వేళ కట్టిన సూదులే సరి. రెండుసార్లు కట్టని ఆవును మూడోసారికి డాక్టరుకు చూపించండి, అవసరమైతే స్కానింగ్ చేయించండి. గొట్టం మూసుకున్న ఆవు మీద నాలుగో స్ట్రా, ఐదో స్ట్రా అంటూ పోతే షెడ్డు కిరాయి కూడా రాదు.

## వేయించాక నాలుగు రోజులు

దీన్ని ఏ ఎంపికలోనూ చేర్చలేదు, అన్నిటికీ వర్తిస్తుంది కాబట్టి. కలిసిన అండం వెంటనే గర్భకోశానికి దిగదు. నాలుగైదు రోజులు అండవాహికలోనే, అదే ద్రవంలో పెరుగుతూ మెల్లగా దిగుతుంది. మొదటి రెండు రోజుల పిండం వేడికి మరీ సున్నితం. మే నెలలో 44 డిగ్రీల ఎండకు రేకుల కొట్టంలో కట్టేసి, చూడి కట్టలేదని స్ట్రాను తిట్టడం న్యాయం కాదు. చెట్టు నీడ, ఒంటి మీద నీళ్లు, కుంట ఉంటే మడుగు, చల్లటి తాగు నీళ్లు ఆ నాలుగు రోజులైనా ఇవ్వండి. ఎండల్లో వేయించక తప్పకపోతే ఇదే మొదటి జాగ్రత్త.

మా బర్రె సంగతి ముగించాలి. ఇరవై ఒకటో రోజున మళ్లీ తెల్లవారుజామునే అరిచింది. ఈసారి గోడ మీద బొగ్గుతో వేళ రాసి, ఫోను జేబులోనే ఉంచుకున్నాను. సాయంత్రం 5 గంటలకు పిలిచాను. గోపాలమిత్ర మసక చీకట్లో వచ్చి, "పొద్దున చెప్తే దారిలోనే వేసిపోయేవాణ్ణి కదా అన్నా" అని విసుక్కున్నాడు. థర్మామీటరు చేతికిచ్చాను. మళ్లీ ఎదకు రాలేదు. పది నెలల పది రోజులకు ఈనింది. పెద్దమ్మ బర్రె అంతకు మూడు వారాల ముందే ఈని పడ్డదూడను ఇచ్చింది. మాది దున్నదూడ.